కోడిపిల్లల్ని ఎత్తుకెళ్తున్నది ఆ గద్దలేనా?

ఆదోని వైపు ఒక పల్లె నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. క్లుప్తంగా విషయం ఇది.

పెళ్ళయ్యాక ఆమె కొన్నాళ్ళు బెంగళూరులో ఉన్నారు. మామగారికి మోకాళ్ళు అరిగి సేద్యం చూసుకోలేకపోవడంతో పల్లెకి వచ్చేశారు. రెండేళ్ళుగా పొలం పనులన్నీ తనవే. భర్త ఉద్యోగం బెంగళూరులోనే, నెలకోసారి వచ్చిపోతారు. ఉన్నది పద్నాలుగెకరాల నల్లరేగడి. పదెకరాల్లో శనగ వేశారు. మిగతా నాలుగెకరాలు ఏళ్ళ తరబడి బీడు. మోకాలెత్తు బోదగడ్డి, అక్కడక్కడా రేగుకంపలు.

దసరా దాటాక ఆ పొలం మీద తను మునుపెన్నడూ గమనించని గద్దలు కనబడసాగాయి. "ఒకటి బూడిద రంగు, రెక్కల చివర్లు నల్లగా ఉన్నాయి. మిగతావి మట్టి రంగు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. శనగ చేను మీద మనిషెత్తున ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తిరుగుతూనే ఉంటాయి. పొద్దుగూకే వేళకి ఇరవై దాకా పోగై గడ్డిలోకి దిగిపోతాయి. చెట్టెక్కవు" అని రాశారు. ఇవి కాక కరెంటు తీగ మీద కూర్చునే తెల్లటి చిన్న గద్ద ఒకటి ఉంది. అది గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి కిందికి దూకుతుంది. ఇంకోరోజు పొద్దున్నే గట్టు మీద పెద్ద పక్షి ఒకటి పామును పట్టుకుని కూర్చుంటే, మామగారు గరుత్మంతుడని దణ్ణం పెట్టుకున్నారట.

గొడవ కోళ్ళ దగ్గర మొదలైంది. అత్తగారి నాటుకోళ్ళలో రెండు పెట్టలు పిల్లల్ని చేశాయి. నెల తిరిగేసరికి సగానికి సగం లేవు. ఒకసారి మధ్యాహ్నం వేపచెట్టు కింద నుంచి ఏదో గద్ద రెప్పపాటులో పిల్లను తన్నుకుపోవడం అత్తగారు చూశారు. దాంతో నింద బీడులో దిగే గద్దల మీద పడింది. చచ్చిన కోడికి పురుగుమందు పట్టించి బీడులో పడేద్దామని మరిది అంటున్నాడు. గడ్డికి నిప్పు పెట్టి దున్నించేస్తే పీడ పోతుందని మామగారు. ఫోన్‌లో తీసిన ఫొటోతో మేనల్లుడు నెట్‌లో వెతికితే అమెరికాలో ఉండే హారియర్ అనే గద్ద అని వచ్చింది. తెలిసినవాళ్ళలో ఒకాయన రాబందు పిల్ల అన్నారు. పక్కపొలం ఆయన దాని మొహం చూసి గుడ్లగూబ జాతి, ఇంటికి అరిష్టం అన్నారు. ఈలోగా కర్నూలు నుంచి ఒక ఫొటోగ్రాఫర్ వచ్చి, సాయంత్రం పక్షులు దిగే చోటు చూపిస్తే డబ్బిస్తానన్నాడు.

"అవి ఏ పక్షులో కూడా నాకు తెలియదు. తెలియకుండా ఇంట్లో వాటి తరఫున ఎలా మాట్లాడను? కోడిపిల్లల కోసం అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు నేను గద్దల్ని వెనకేసుకొస్తే, పట్నం నుంచి వచ్చింది కాబట్టి ఇలాగే మాట్లాడుతుంది అంటారు. సంక్రాంతి లోపు దున్నించాలని మామయ్య ట్రాక్టరు మాట్లాడేశారు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం చదవగానే సగం పని మీరే చేశారనిపించింది. రంగు రాసి ఊరుకోలేదు. ఎంత ఎత్తున ఎగిరిందో, ఎక్కడ వాలిందో, ఏ వేళకి వచ్చిందో కూడా రాశారు. గద్దల్ని, డేగల్ని పోల్చుకోవడానికి రంగు కన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి. మీరు పంపిన ఫొటో మసకగానే ఉంది. అయినా చాలావరకు చెప్పగలను.

మీ ఇంట్లో అందరూ 'ఆ గద్దలు' అని ఒకే మాటతో అంటున్నారు గానీ, మీ ఉత్తరంలో తక్కువలో తక్కువ నాలుగు రకాల పక్షులున్నాయి. ఒక్కోదాని తిండి వేరు, వేటాడే తీరు వేరు. కొన్ని ఏడాదంతా మీతోనే ఉంటాయి, కొన్ని చలికాలపు చుట్టాలు. కోడిపిల్లను తన్నుకుపోయింది ఒకటైతే, శిక్ష ఇంకొకదానికి పడబోతోందని నా అనుమానం.

చేను మీద మనిషెత్తున తిరిగేవీ, సాయంత్రం గడ్డిలోకి దిగేవీ పిల్లిగద్దలు. ఇంగ్లీషులో హారియర్లు. సన్నటి ఒళ్ళు, పొడుగాటి రెక్కలు, పొడుగాటి తోక. తేలేటప్పుడు రెక్కలు రెండూ కాస్త పైకెత్తి ఉంచుతాయి కాబట్టి ఎదురుగా వస్తుంటే ఇంగ్లీషు 'వి' అక్షరం కనబడుతుంది. ఊళ్ళో రోజూ చూసే గద్ద రెక్కలు అలా ఉండవు, దాని తోక చివర నొక్కు కూడా ఉంటుంది. బూడిద రంగుది మగది. తోక మొదట్లో తెల్లపట్టీ ఉన్న మట్టి రంగువి ఆడవీ, ఆ ఏడు పుట్టిన పిల్లలూ. ఒకే జాతిలో ఇంత తేడా ఉండటం వల్లే రెండు రకాల గద్దలు కలిసి తిరుగుతున్నాయని చాలామంది అనుకుంటారు.

మీకొచ్చిన మూడు జవాబుల్లో రెండింటికి కొంత ఆధారం ఉంది. మేనల్లుడి ఫోన్ హారియర్ అన్నది సరే, ఖండమే తప్పింది. అలా వెతికిపెట్టేవి పోలిక చూస్తాయి గానీ ఫొటో తీసింది ఆదోనిలోనా అమెరికాలోనా అని పట్టించుకోవు. పక్కపొలం ఆయన గమనించిందీ నిజమే. పిల్లిగద్ద మొహం గుండ్రంగా ఉంటుంది. గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడు చెవిలో పడేలా మొహం చుట్టూ ఈకలు అలా అమరి ఉంటాయి. గుడ్లగూబకీ ఇదే ఏర్పాటు. ఆయన చూపు మంచిదే, అరిష్టం సంగతే ఆయన కలుపుకున్నది. రాబందు మాట మాత్రం పూర్తిగా వదిలేయండి. పిల్లిగద్ద మహా అయితే అరకిలో తూగుతుంది. రాబందు నాలుగైదు కిలోలు.

ఇవి మన దగ్గర గుడ్లు పెట్టవు. కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో వేసవిలో పిల్లల్ని చేసుకుని, అక్కడ చలి ముదిరేలోపు మన వైపు బయలుదేరతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాక మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్‌కల్లా తిరిగి వెళ్ళిపోతాయి. ఈ మధ్యకాలమంతా మెట్టచేలల్లో, గడ్డిబీళ్ళలో గడుపుతాయి. పగలు విడివిడిగా మైళ్ళ కొద్దీ తిరిగి, రాత్రికి ఒకచోట చేరి నేల మీద పడుకోవడం వీటి అలవాటు. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గరి వెళావదర్ కృష్ణజింకల పార్కు ఇందుకు పేరుపడ్డది. మీకు కాస్త దగ్గర్లో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. అక్కడి గడ్డిలోనూ చలికాలంలో పిల్లిగద్దలు దిగుతాయి. అలా దిగడానికి వాటికి కావలసింది కుక్కా నక్కా దూరం నుంచి కనిపెట్టలేనంత ఎత్తు గడ్డి, రాత్రిపూట మనిషి అలికిడి లేని చోటు. చుట్టూ అంతా దున్నేసిన నేలలో మీ నాలుగెకరాలు వాటికి ఎందుకు దొరికాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏ పిల్లిగద్ద? మెట్టనేలల్లో ముఖ్యంగా రెండు రకాలు దిగుతాయి, పాలిడ్ హారియర్, మాంటేగ్యూ హారియర్. మగదాన్ని చూసి తేల్చవచ్చు. మాంటేగ్యూ మగదానికి రెక్క పైభాగాన అడ్డంగా సన్నటి నల్లగీత ఉంటుంది, పొట్ట మీద ఇటుక రంగు చారలుంటాయి. పాలిడ్ మగదానికి ఆ గీత ఉండదు. ఒళ్ళంతా తెలుపుకి దగ్గరి బూడిద రంగు, రెక్క కొసన మాత్రం మేకు దిగ్గొట్టినట్టు నలుపు. రెండూ ఒకే బీట్లో కలిసి పడుకోవడమూ ఉంది. పాలిడ్ హారియర్ ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతోంది, అంతర్జాతీయ జాబితాలో దాన్ని ముప్పుకి దగ్గరగా ఉన్న జాతుల్లో చేర్చారు.

తీగ మీది తెల్ల గద్ద చాలావరకు అడవి రామదాసు. భుజం మీద నల్ల మచ్చ, ఎర్రటి కళ్ళు చూడండి. అవి ఉంటే ఇక సందేహం లేదు. ఇది ఎక్కడి నుంచో వచ్చింది కాదు, ఏడాది పొడుగునా మీ పొలంలోనే ఉంటుంది. దీని ముఖ్యమైన తిండి ఎలుకలు. రైతుకి ఇంతకన్నా మంచి కూలీ దొరకదు. వీపు ఇటుక రంగులో ఉంటే మాత్రం అది కెస్ట్రెల్, అదీ చలికాలపు వలసపక్షే, అదీ గాల్లో అలాగే నిలబడుతుంది. పామును పట్టిన పెద్ద పక్షి పాముల గద్ద. పొట్ట తెల్లగా, మెడ ముదురుగా, తల పెద్దగా గుండ్రంగా ఉందా అని మామగారిని అడగండి. బాగా దగ్గర్నుంచి చూసినవారు ఆయనే.

ఇక దొంగ సంగతి. వేపచెట్టు కింద, మధ్యాహ్నం, రెప్పపాటులో. ఈ మూడు మాటలు వినగానే నాకు తట్టేది షిక్రా. పావురమంత ఉండే చిన్న డేగ. వీపు బూడిద రంగు, రొమ్ము మీద ఇటుక రంగు సన్న అడ్డచారలు, ఎర్రటి కన్ను. కొమ్మల్లో నక్కి కూర్చుని, చెట్ల సందుల్లోంచి తక్కువ ఎత్తున దూసుకొచ్చి ఎత్తుకుపోతుంది. తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు దాని మామూలు తిండి. వారం పదిరోజుల కోడిపిల్ల దానికి సరిగ్గా సరిపోయే బరువు. వాకిలి చెట్టు లేకుండా బోసిగా ఉండి, గద్ద పైన చుట్లు తిరిగి తిరిగి దిగివుంటే అది ఊరగద్ద అనేవాణ్ణి. అత్తగారిని నిదానంగా అడగండి. పై నుంచి దిగిందా, పక్క నుంచి వచ్చిందా? తోక చివర నొక్కుందా? 'అదేనా?' అని ఫొటో ముందు పెట్టకండి. ఫొటో చూపించాక ఎవరైనా అదే అంటారు.

పిల్లిగద్ద కోడిపిల్లను ముట్టనే ముట్టదని నేను హామీ ఇవ్వను. మిడతలు, ఎలుకలు, తొండలతోపాటు అది నేల మీది చిన్న పిట్టల్నీ పడుతుంది. చేలో తల్లికి దూరంగా తిరిగే పిల్ల దొరికితే వదులుతుందని ఎందుకనుకోవాలి? కానీ మనుషులు మసిలే వాకిట్లోకి, చెట్ల మధ్యకి వచ్చి వేటాడటం దాని పద్ధతి కాదు. దానికి బయలు కావాలి.

సగం పిల్లలు పోయాయన్నారు, కళ్ళతో చూసింది ఒక్కసారే. మిగతావన్నీ రెక్కలున్న జీవాలే తీసుకెళ్ళాయని ఎలా చెప్తాం? రాత్రిపూట గూట్లోంచి పోతే పిల్లి గానీ పాము గానీ అయివుంటుంది. గూటి దగ్గర బొరియ ఉంటే పందికొక్కు మీద అనుమానపడండి. పగలు గుడ్లు కూడా పోతుంటే, మెడ కొరికిన పిల్ల కనబడితే ముంగిస. కాకులు కూడా చిన్న పిల్లల్ని ఎత్తుకుపోతాయి, వాటి మీద ఎవరికీ అనుమానం రాదు. పిల్ల ఏ పూట పోయింది, ఎక్కడి నుంచి, ఈకలో నెత్తురో ఏమైనా మిగిలిందా అని క్యాలెండర్ మీదే రాసి పెట్టండి. రెండు మూడు వారాల్లో దారి తెలుస్తుంది.

ఇప్పుడు ఇంటి విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అత్తగారి కన్నీళ్ళే. సంక్రాంతికి పుంజు ఎంత పలుకుతుందో, పెట్టల మీద వచ్చే చిల్లర డబ్బు ఆమె చేతికి ఎంత ధైర్యమో మీకు తెలుసు. ఆ నష్టం ఆగకుండా మీరు గద్దల గురించి ఒక్క మాట మాట్లాడినా అది ఆమెకి వ్యతిరేకంగానే వినబడుతుంది. కాబట్టి పక్షుల పేర్లు పక్కన పెట్టి, ముందు కోడిపిల్లల పని చూడండి. పాత చేపల వలో, నర్సరీ వాళ్ళు వాడే నీడ వలో వేపచెట్టు పక్కన నాలుగు గుంజలు పాతి పైన కప్పించండి. పిల్లలకి రెండు నెలలు వచ్చేదాకా తల్లితోపాటు అందులోనే ఉంచాలి. వదిలినప్పుడు దూరి దాక్కోవడానికి కంపకుప్పలు రెండు మూడుచోట్ల వేయండి. రాత్రికి గంప కింద పెట్టి పైన రాయి పెట్టండి. తళతళలాడే సీడీలు కట్టమని చెప్పేవాళ్ళుంటారు, కొద్ది రోజులకే పక్షులు వాటికి అలవాటు పడిపోతాయి. ఆ వేపచెట్టు మీద పసులపోలిగాడు (తోక చీలిన నల్లపిట్ట) గూడు కడితే మాత్రం కదిలించకండి. గూడున్న నెలల్లో అది డేగనైనా గద్దనైనా వాకిట్లోకి రానివ్వదు, వెంటపడి పొడుస్తుంది.

ఈ వల పని మరిదికి అప్పజెప్పితే పని జరగడమే కాదు, నా దృష్టిలో ఇంకో లాభమూ ఉంది. అతనికి ఏదో ఒకటి చేసెయ్యాలని ఉంది. ఆ ఉత్సాహం విషం డబ్బా మీది నుంచి గుంజల మీదికి మళ్ళుతుంది.

విషం విషయంలో మీకు రెండు దారులు చూపించలేను. పిల్లిగద్ద, షిక్రా ప్రాణమున్న ఎరనే పడతాయి, చచ్చిన కోడి దగ్గరికి రావడం తక్కువ. వచ్చేవి ఊరకుక్కలు, కాకులు, నక్కలు, గొర్రెల కాపరి కుక్క, పక్కింటి కోళ్ళు. అంటే చావాల్సినవని మీ మరిది అనుకుంటున్నవి తప్ప మిగతావన్నీ చస్తాయి. కాపరితో తగువు వేరే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షుల్ని చంపడం జైలు శిక్ష పడే నేరం. మొదట చట్టం పేరెత్తి బెదిరించమని నేను చెప్పను. ఇంట్లో బెదిరింపు పనిచేయదు, పంతం పెంచుతుంది. కుక్కల సంగతి, కాపరి సంగతి ముందు చెప్పండి. అప్పటికీ వినకపోతే చట్టం మాట మీ ఆయన నోట వచ్చేలా చూడండి. అన్న చెబితే తమ్ముడు వినే తీరు వేరుగా ఉంటుంది.

బీడు దున్నడం గురించి మాత్రం కూర్చుని లెక్క వేయాల్సిందే. మామగారిని ఒక ప్రశ్న అడగండి. దున్ని ఇప్పుడు ఏం వేద్దామని? మీది వానాధారం. మీ ప్రాంతంలో శనగ విత్తే అదను నవంబరుతోనే దాటిపోయింది. ఇప్పుడు దున్నినా పదునులేని నల్లరేగడి పెళ్ళలు లేవడం తప్ప, జూన్‌లో వాన పడేదాకా అందులో విత్తనం పడదు. వచ్చే వానాకాలం పంటకే అయితే ఆ దుక్కి ఏప్రిల్, మే నెలల్లో చేయించుకోవచ్చు, వేసవి దుక్కి నేలకీ మంచిది. అప్పటికి పిల్లిగద్దలు వాటంతటవే వెళ్ళిపోయి ఉంటాయి. మూడు నాలుగు నెలలు ఆగడం వల్ల మీకు పైసా నష్టం లేదు. ట్రాక్టరు అతనికి బయానా ఇచ్చి ఉంటే ఇంకో పనికి వాడుకోండి. ఇది పక్షుల వాదన కాదు, సేద్యం వాదన. మామగారికి ఇదే అర్థమవుతుంది.

అయితే వచ్చే ఏడు ఆ నాలుగెకరాల్లో పంట ఉంటే పక్షులకి చోటు ఉండదు. దానికీ సిద్ధపడే మాట్లాడండి. ఒక దారి, మొత్తం సాగులోకి తెచ్చుకోవడం. మీ భూమి, మీ ఇష్టం, ఎవరూ తప్పుపట్టలేరు. పక్షులు ఇంకో బీడు వెతుక్కుంటాయి. దొరుకుతుందా అన్నది వేరే సంగతి. ఇంకో దారి, ఇంటికి దగ్గరి సగం సాగు చేసి, బాటకి దూరంగా ఉన్న సగం గడ్డిగానే వదలడం. ఇందులో చిక్కుంది. గడ్డి మరీ చిన్న పట్టీ అయిపోతే కుక్కల భయానికి అవి దిగకపోవచ్చు. మీరు త్యాగం చేసీ ఫలితం ఉండదు. మూడోది, మొత్తం బీడుగానే ఉంచి మార్చి దాటాక గడ్డి కోసి అమ్ముకోవడం, పశువులకి వాడుకోవడం. ఆదాయం పంటంత రాదు, పెట్టుబడి కూడా లేదు. మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లో, ఒక్క మనిషి మీద సేద్యం నడుస్తున్నప్పుడు నాలుగెకరాల అదనపు పని ఎవరు చేస్తారన్న ప్రశ్న కూడా తూకంలో వేయండి. మీ స్థానంలో ఉంటే నేను ఇదే ముందు వేసేవాణ్ణి.

ఏది ఎంచుకున్నా నిప్పు వద్దు. గాలి మళ్ళితే మీ శనగే కాదు, పక్కవాళ్ళ జొన్నచొప్ప వాములూ పోతాయి. గొర్రెల్ని మేపుకోవాలంటే పగలు మేపుకోండి, పొద్దు వాలకముందే మళ్ళిస్తే చాలు.

ఒక భయం మామగారికి ఉండే అవకాశం ఉంది, బయటికి అనకపోవచ్చు. 'పక్షులున్నాయని తెలిస్తే ఫారెస్టు వాళ్ళు వచ్చి భూమి లాక్కుంటారు.' రోళ్లపాడు చుట్టూ కృష్ణజింకలు పెరిగి చేలు మేసేయడం, రైతులు విసిగిపోవడం మీ వైపు అందరికీ తెలిసిన కథే. ఆ భయాన్ని తీసిపారేయకండి. కానీ చలికాలంలో నాలుగు గద్దలు పడుకున్నంత మాత్రాన పట్టా భూమి చేతులు మారదు. పిల్లిగద్దలు పంటను ముట్టవు కూడా. అలాగని అవి శనగపచ్చ పురుగును ఊడ్చేస్తాయని గొప్పలు చెప్పకండి. ఆ పని పసులపోలిగాళ్ళది, గోరింకలది. పిల్లిగద్దల వల్ల తగ్గేవి మిడతలూ, ఎలుకలూ. అంతవరకు చెబితే చాలు, ఎక్కువ చెప్పి రేపు పురుగు పడితే మాట పోతుంది.

మామగారికి మీ మాట కన్నా ఆయన కళ్ళ మీదే నమ్మకం ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఆధారం ఆయన చేతికే ఇవ్వండి. పిల్లిగద్దలు తిన్నదాంట్లో అరగని వెంట్రుకలు, ఈకలు, పురుగుల పెంకులు ఉండ కట్టి కక్కేస్తాయి. పడుకున్న చోట అవి దొరుకుతాయి. పొద్దెక్కి పక్షులన్నీ వేటకి వెళ్ళాక, పది దాటాక, ఒక్కసారి లోపలికి వెళ్ళి కొన్ని ఏరుకు రండి. రోజూ వెళ్ళకండి, సాయంత్రం అసలు వెళ్ళకండి. చేతికి తొడుగు వేసుకుని, నీళ్ళలో నానబెట్టి, పాత పేపరు మీద విడదీయండి. మిడత కాళ్ళు వస్తాయా, ఎలుక వెంట్రుకలు వస్తాయా, పిట్టల ఈకలు వస్తాయా అందరూ చూస్తారు. కోడిపిల్ల నూగు కనబడితే అదీ దాచకుండా చెప్పండి. మీకు అనుకూలంగా వచ్చినదే చెబుతారన్న అనుమానం వస్తే తర్వాత ఏ మాటా చెల్లదు.

పేర్ల విషయంలో మీరే సొంతంగా నేర్చుకోవాలనుకుంటే మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకోండి. అందులో భారతదేశపు పక్షుల ప్యాక్ ఉంటుంది. ఫొటోతోపాటు చోటు, తేదీ ఇస్తారు కాబట్టి అమెరికా పక్షులు రావు. అయినా దూరంగా ఎగిరే మట్టి రంగు పక్షి దగ్గర అది తప్పుతూనే ఉంటుంది. పక్షి ఎంత పెద్దదన్నది అసలు నమ్మకండి, ఒంటరిగా ఆకాశంలో ఉన్నదాని సైజు అందరినీ మోసం చేస్తుంది. పక్కన కాకి ఉంటే దానితో పోల్చి రాసుకోండి. ఫొటో కన్నా ఫోన్ వీడియో మేలు. రెక్కలు ఎలా పట్టింది, ఎన్నిసార్లు కొట్టి ఎంతసేపు తేలింది అన్నీ అందులో దొరుకుతాయి.

ఆ ఫొటోగ్రాఫర్ గురించి. డబ్బు తీసుకుంటే అతను రేపు ఇంకో నలుగురిని తెస్తాడు. వాళ్ళు కార్లు బీడులోకి దింపుతారు, డ్రోన్ ఎగరేస్తారు, నాలుగు రోజుల్లో పక్షులు చోటు మారుస్తాయి. పైగా మీరు ఇంట్లో చెప్పకుండా ఒప్పుకుంటే, గద్దల మీద ప్రేమ డబ్బు కోసమేనన్న మాట పడుతుంది. పూర్తిగా కుదరదని చెప్పేయొచ్చు. లేదా మామగారి అనుమతితో, ఆయన సమక్షంలో, గట్టు దాటకుండా, డ్రోన్ లేకుండా, ఫొటోలతో ఊరి పేరు వేయకూడదన్న షరతు మీద ఒక్క సాయంత్రం రానివ్వవచ్చు. నన్నడిగితే రెండోదానికి ఒక ఉపయోగం ఉంది. అతని దగ్గర పెద్ద లెన్సు ఉంటుంది. డబ్బుకి బదులు ఫొటోలు అడగండి, బూడిద రంగు మగపక్షి వంగి మళ్ళేటప్పుడు రెక్క పైభాగం కనబడేలా తీసినవి. నల్లగీత ఉందో లేదో చూసి మాంటేగ్యూనో పాలిడో కచ్చితంగా చెబుతాను. మట్టి రంగు ఆడపక్షుల ఫొటోలు మాత్రం పంపకండి. వాటి దగ్గర ఏళ్ళ తరబడి పక్షులు చూస్తున్నవాళ్ళు కూడా ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు.